చెట్ల లెక్కకు అందని అడవి

2024 ఆగస్టు 31 సాయంత్రం ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో పెద్ద గాలి లేచింది. వీచింది కొద్దిసేపే. అది తగ్గాక అటవీ సిబ్బంది లోపలికి వెళ్ళి చూస్తే నిలువెత్తు మానులు వేళ్ళతో సహా లేచొచ్చి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కొన్ని నడిమికి విరిగాయి. అధికారుల అంచనా ప్రకారం 200 హెక్టార్లకు పైగా విస్తీర్ణంలో 50 వేలకు మించి చెట్లు కూలాయి. ఏటూరునాగారం అభయారణ్యంలో ఇలాంటిది అంతకుముందు చూసినవాళ్ళు లేరు. అదే వాయుగుండం తెచ్చిన వానలకు మర్నాడు ఖమ్మంలో మున్నేరు పొంగి కాలనీలు మునిగాయి. సహజంగానే అందరి చూపూ అటు తిరిగింది. అడవి సంగతి కాస్త ఆలస్యంగా బయటికొచ్చింది.

అంతంత చెట్లను గాలి ఎలా పెకిలించిందన్న ప్రశ్నకు వాతావరణ నిపుణుల వివరణ ఒకటి నమ్మదగ్గదిగా ఉంది. మేఘంలోంచి బరువైన చల్లగాలి ఒక్కసారిగా కిందికి దిగి, నేలను తాకి, చుట్టూ విరజిమ్ముకుంటుంది. దానికి తోడు నేల అప్పటికే వానకు నాని ఉంది. ఈ అడవిలో చాలాచోట్ల మట్టి లోతు తక్కువ, కింద బండ. వేళ్ళు లోతుకు దిగలేక పక్కకు పాకుతాయి. నానిన మట్టిలో అలాంటి వేళ్ళకు పట్టు ఉండదు. ఆ తర్వాత డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చేసరికి జనం రెండింటికీ ముడిపెట్టి టెన్షన్ పడ్డారు. ఆ ముడికి ఆధారమేమీ లేదు. ఒకటి ఆకాశంలో పుట్టింది, ఇంకొకటి భూమి లోపల ఎంతో లోతున పుట్టింది.

ఎన్ని చెట్లు పోయాయో లెక్క తేలింది. బదులుగా ఎన్ని మొక్కలు నాటాలన్న మాట కూడా వెంటనే వినబడింది. తెలంగాణలో అడవి గురించి ఎప్పుడు మాట్లాడినా సంభాషణ ఈ దారినే పోతుంది. ఇన్ని పోయాయి, అన్ని నాటుదాం, లెక్క సరి. ఈ లెక్కలో అడవి అన్నది ఎక్కడా కనబడదు. చెట్లు అడవిలో ఒక భాగం మాత్రమే. మిగతా భాగం చెట్టు బెరడులో, తొర్రలో, రాలిన ఆకు కింద, పుట్టలో, వాగు గట్టున ఉంటుంది. అది నర్సరీలో దొరకదు, గుంత తీసి నాటితే రాదు. వరంగల్ జిల్లా చెరువుల నీళ్ళ నుంచి కరీంనగర్ ఇళ్ళ మీద తిరిగే కోతుల దాకా చాలా సంగతులు ఆ మిగతా భాగంతో ముడిపడి ఉన్నాయి.

కూలిన మానుల్లో ఒక నల్లమద్ది ఉందనుకుందాం. ఈ అడవుల్లో టేకు తర్వాత కంటికి ఎక్కువగా ఆనే చెట్లలో అదొకటి. బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. ఆ పగుళ్ళలో సాలీళ్ళు, తేళ్ళు, బల్లులు, రకరకాల పురుగుల గుడ్లు ఉంటాయి. వాటికోసం వడ్రంగిపిట్ట వస్తుంది. ముదిరిన మానులో లోపలి కర్ర పుచ్చితే పిట్టకు తొలచడం తేలిక. అది తొలిచి వదిలేసిన తొర్రలోకి మరుసటి ఏడాది చిలుక చేరుతుంది, లేకపోతే గోరింక. తొర్ర పెద్దదైతే గుడ్లగూబ కాపురం పెడుతుంది, తేనెటీగలు పట్టు పెడతాయి, ఉడుము దూరుతుంది. ఇవి స్వయంగా తొర్ర చేసుకోలేని ప్రాణులు. ఆరోగ్యంగా నిటారుగా ఉన్న పాతికేళ్ళ చెట్టు వీటికి పనికిరాదు. ముసలి చెట్టు, సగం ఎండిన చెట్టు, పుచ్చు పట్టిన చెట్టు కావాలి. కలప కళ్ళతో చూస్తే ఆ చెట్టు దండగ. గుడ్లగూబకు దాన్ని మించిన ఇల్లు లేదు. కలపగా పనికిరాని ఆ మాను ఇన్ని ప్రాణులకు నీడ ఇవ్వాలంటే అన్నేళ్ళు బతికి ముసలిదవ్వాలి. ఈ రోజు మొక్క నాటినవాళ్ళు దాని మొదటి తొర్రను చూడకపోవచ్చు.

నల్లమద్ది ఆకు ఇంకో పురుగుకు తిండి. దసలి పట్టుపురుగు దాని మీదే పెరుగుతుంది. భూపాలపల్లి జిల్లా మహదేవపూర్, మంచిర్యాల జిల్లా చెన్నూరు వైపు దసలి రైతులు ఈ పురుగుల్ని ఇంట్లో తట్టల్లో కాకుండా అడవిలో మద్దిచెట్ల మీదే పెంచుతారు. పిట్టలు ఎత్తుకుపోకుండా పొద్దస్తమానం కావలి కాస్తారు. మల్బరీ పట్టుకు తోట పెంచుకోవచ్చు. దసలికి మాత్రం మద్దిచెట్లున్న అడవే కావాలి. నిర్మల్ బొమ్మలదీ అదే కథ. ఆ బొమ్మలు పొనికి కర్రతో చేస్తారు. తేలికగా, మెత్తగా ఉండి ఉలికి లొంగే కర్ర అది. అడవిలో పొనికి తగ్గిపోతూ వచ్చేకొద్దీ నకాషీ కళాకారుల కష్టం పెరిగింది. మార్కెట్ దొరక్కపోవడం ఒక బాధ అయితే ముడిసరుకు దొరక్కపోవడం అంతకన్నా పెద్ద బాధ అయింది.

హన్మకొండలో బస్సెక్కి మార్చి చివర్లో ఏటూరునాగారం వైపు వెళ్తే, పస్రా దాటాక రోడ్డుకు రెండు పక్కలా అడవి చచ్చిపోయినట్టు కనబడుతుంది. ఆకు లేదు, నీడ లేదు, నేలంతా ఎండుటాకు. మొదటిసారి చూసినవాళ్ళు ఏమైపోయిందీ అడవి అని జాలిపడతారు. అది ఆకురాల్చే అడవి స్వభావం. ఆకు ఉంటే దాన్నుంచి నీరు ఆవిరైపోతూ ఉంటుంది. నేలలో నీరు తగ్గే కాలానికి చెట్టు ఆకు విడిచి తన నీటిని తాను కాపాడుకుంటుంది. ఈ మోడు కాలంలోనే అడవి పూస్తుంది. మోదుగు ఎర్రగా మండుతుంది, బూరుగు పూస్తుంది, ఇప్ప పూస్తుంది. అడ్డంగా ఆకు లేకపోవడంతో పువ్వు దూరం నుంచే పిట్టకు కనబడుతుంది. నీళ్ళు దొరకని ఎండల్లో పువ్వులోని తేనె, ఇప్పపువ్వులోని తీపి ఎన్నో ప్రాణులకు పూటబత్యం.

ఇప్పచెట్టు కింద తెల్లవారుజామున జరిగే సందడి వేరు. ఇప్పపువ్వు రాత్రి విచ్చుకుంటుంది. గబ్బిలాలు చెట్టు మీద వాలి పూరేకుల్ని నములుతాయి, పుప్పొడిని ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు మోస్తాయి. తెల్లవారేలోపు పూరేకుల గుత్తి మొత్తం ఊడి కింద పడుతుంది. లేత పసుపు కలిసిన తెలుపు, ద్రాక్షపండంత బొద్దుగా, చేతికి జిగటగా అంటుకుంటుంది. వాసన దూరానికే కొడుతుంది. మసక వెలుతురులో దుప్పులు వస్తాయి, గుడ్డెలుగు వస్తుంది. వాటి వెనక బుట్టలు పట్టుకుని కోయ, గోండు ఆడవాళ్ళు వస్తారు. ఎండబెట్టిన పువ్వు ఏడాది పొడవునా తిండికీ, సారాకూ, అమ్మకానికీ పనికొస్తుంది. ఉట్నూరు వైపు దాంతో లడ్డూలు కూడా చేస్తున్నారు. ఆ తర్వాత వచ్చే గింజల నుంచి నూనె తీస్తారు. అందుకే పోడు కొట్టేటప్పుడు కూడా ఇప్పచెట్టును వదిలేసి మిగతావి కొట్టడం చాలాచోట్ల ఉంది. పొలం నడుమ ఒంటరిగా నిలబడిన ఇప్ప కనబడితే అక్కడ ఒకప్పుడు అడవి ఉండేదని గుర్తు.

ఎండుటాకు కింద జరిగే పని ఇంతకన్నా ముఖ్యం, కంటికి మాత్రం అసలు ఆనదు. టేకు ఆకు, తునికి ఆకు, మద్ది ఆకు కలిసి జానెడు మందాన పరుచుకుని ఉంటాయి. దాన్ని మట్టిగా మార్చే పెద్దపని ఈ ఎండు అడవుల్లో చెదపురుగులది. వానాకాలం తప్ప తడి ఉండదు కాబట్టి వానపాములు అన్ని కాలాల్లోనూ పని చేయలేవు. చెద మాత్రం మట్టితో గూడు కట్టుకుని లోపల తడిని నిలుపుకుంటుంది. పుట్ట అంటే మనకు పాము గుర్తొస్తుంది. పుట్ట కట్టింది చెద, పాము ఖాళీ ఇంట్లో అద్దెకు దిగిన జీవి. ఆ పుట్ట లోపల చెదపురుగులు బూజుతోటలు పెంచుతాయి. నమిలి తెచ్చిన ఆకు, కర్ర మీద ఒక రకం శిలీంధ్రాన్ని మొలిపించి అది మెత్తబరిచిన తిండిని తింటాయి. తొలకరి తర్వాత ఆ తోటలోంచి కాడ పైకి సాగి, పుట్టను చీల్చుకుని గొడుగు విప్పుతుంది. పుట్ట మీద లేచిన గొడుగు కాబట్టి పుట్టగొడుగు. దాన్ని వెతకడానికి ములుగు, తాడ్వాయి అడవుల్లోకి వెళ్ళేవాళ్ళకు ఏ పుట్ట మీద ఎప్పుడు లేస్తుందో తెలుసు. మన భాషలో ఆ పేరు పెట్టినవాళ్ళు ఆ రెండింటి బంధాన్ని కళ్ళారా చూసినవాళ్ళే. అదే తొలకరికి పుట్టలోంచి ఉసిళ్ళు లేస్తాయి. పిట్టలకు, తొండలకు, కప్పలకు ఆ పూట పండగ. గుడ్డెలుగు ఏడాది పొడవునా పుట్టలు తవ్వి చెదను పీల్చుకు తింటుంది. ఇన్నిటికీ ఆధారం రాలిన ఆకు. దాన్ని ఊడ్చి తగలబెడితే వీటన్నిటి తిండిని తగలబెట్టినట్టే.

ఈ ఆకు పొరకూ వరంగల్ పొలాలకూ సంబంధం ఉంది. కాకతీయుల పెద్ద చెరువుల్ని పటంలో గుర్తిస్తే పాకాల, రామప్ప, లక్నవరం మూడూ అడవి ఒడిలోనే ఉంటాయి. గణపతిదేవుడి కాలంలో 1213లో పాకాల కట్టారని చెబుతారు. రామప్ప గుడి శాసనం కూడా అదే ఏడాదిది. గుట్టల మధ్య ఇరుకు చూసి కట్ట వేసి వాగును ఆపడం వాళ్ళ పద్ధతి. ఆ గుట్టల మీది అడవి ఆ పద్ధతిలో భాగం. వాన చినుకు నేరుగా బోడి నేల మీద పడితే మట్టిని కొట్టి లేపుతుంది. ఆ మట్టి వాగులో కలిసి చెరువులో పూడికవుతుంది. అడవిలో అదే చినుకు ముందు పైకొమ్మ మీద పడుతుంది, తర్వాత పొదమీద, తర్వాత ఎండుటాకు మీద. నేలకు చేరేసరికి దాని దెబ్బ తగ్గుతుంది. చెదలు, వేళ్ళు చేసిన సన్నని దారుల్లోంచి లోపలికి ఇంకుతుంది. ఇంకిన నీరు వానలు పోయాక కూడా వాగులో సన్నగా ఊరుతూ ఉంటుంది. అక్టోబరులో ఏ వాగులో ఊట ఉందో, ఏది ఎండిపోయిందో చూస్తే పైన అడవి ఎలా ఉందో చెప్పొచ్చు.

2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువుల పూడిక తీయాలని తలపెట్టారు. మంచి పని. అయితే పూడిక ఎక్కడి నుంచి వస్తోందన్నది కూడా చూడాలి. ఎగువన గుట్ట బోడిగా ఉంటే తీసిన చెరువు మళ్ళీ పూడుతుంది. పాకాల చుట్టూ ఉన్న అడవి ఒకప్పుడు నిజాం వేటకు ఉంచుకున్నది, 1952లో అభయారణ్యం అయింది. ఏటూరునాగారం కూడా అదే ఏడాది అయింది. రెండూ ఎనిమిది వందల పైచిలుకు చదరపు కిలోమీటర్ల అడవులు. నర్సంపేట, ఖానాపూర్ వైపు రైతుకు పాకాల నీళ్ళు పారుతున్నాయంటే కట్టది ఎంత గొప్పో ఆ గుట్టల మీది ఆకు పొరదీ అంతే గొప్ప.

ఇక్కడ అడవి మీద లేని గొప్ప మోపకూడదు కూడా. 2023 జూలై చివర్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో ఒక్కరోజు వానకు అది రికార్డు. రామప్ప ఉన్న మండలమే అది, చుట్టూ అడవే. అయినా వాగులు ఊళ్ళ మీదికి వచ్చాయి, ప్రాణాలు పోయాయి. ఆకు పొరకైనా, మట్టికైనా పీల్చుకునే హద్దు ఒకటుంటుంది. అది నిండాక పడిన ప్రతి చినుకూ పారాల్సిందే. మామూలు వానల్లో, మధ్యరకం వానల్లో అడవి చేసే మేలు పెద్దది. అలాంటి వానలే ఏడాదిలో ఎక్కువ. ఏడాదంతా చెరువు నిండేదీ వాటితోనే.

ఇప్పుడు లెక్కల దగ్గరికి రావాలి. భారత అటవీ సర్వే సంస్థ రెండేళ్ళకోసారి ఉపగ్రహ చిత్రాలతో అటవీ విస్తీర్ణం లెక్క కడుతుంది. 2023 నివేదికలో తెలంగాణకు చూపింది 21,179 చదరపు కిలోమీటర్లు, అంటే రాష్ట్ర భూమిలో 18.9 శాతం. అయితే ఆ లెక్కలో అడవికి ఉన్న నిర్వచనం గమనించాలి. ఒక హెక్టారు, అంతకు మించిన ఏ స్థలంలోనైనా చెట్ల కొమ్మలు పది శాతం నీడ పరిస్తే చాలు, అది ఎవరి భూమి అయినా, ఏ చెట్టు అయినా అటవీ విస్తీర్ణమే. జగిత్యాల మామిడితోట కూడా అందులోకి రావచ్చు. కాగితం కోసం పెంచిన జామాయిల్ తోట కూడా రావచ్చు. తోట చెడ్డదని కాదు. రైతుకు అది బతుకు, కలపకు అడవి మీద ఒత్తిడి తగ్గించే దారి. కాని జామాయిల్ వరసల మధ్య నిలబడి చెవి పెట్టి వింటే తేడా తెలుస్తుంది. పిట్ట అరుపు తక్కువ. కింద గడ్డి పలుచన. తొర్ర పడే వయసు రాకముందే చెట్టు మిల్లుకు పోతుంది. ఒక్క టేకే నాటిన ప్లాంటేషన్‌లో ఇంకో చిక్కు ఉంది. టేకు ఆకు విస్తరంత పెద్దది. దాని మీద చేరిన చినుకులు కలిసి లావు బొట్టుగా మారి కింద పడతాయి. కింద పొదలు, ఎండుటాకు లేకుండా కాలిపోయి ఉంటే ఆ బొట్టే మట్టిని కోస్తుంది. మిశ్రమ అడవిలో టేకు మేలు చేస్తుంది, కిందంతా బోడిగా ఉన్న తోటలో అదే టేకు నేలను కడిగేస్తుంది.

పచ్చదనం 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలని 2015 జూలైలో హరితహారం మొదలుపెట్టారు. లక్ష్యం 230 కోట్ల మొక్కలు. వానలు వాపస్ రావాలె, కోతులు వాపస్ పోవాలె అన్నది అప్పట్లో ప్రతి గోడ మీదా కనబడిన మాట. రోడ్లు పచ్చబడ్డాయి, ఊరూరా నర్సరీ వచ్చింది, ఎండలో నడిచేవాళ్ళకు నీడ దొరికింది. కోతులు మాత్రం పోలేదు. వరంగల్, కరీంనగర్, జగిత్యాల పల్లెల్లో ఈ రోజుకీ పెరట్లో కూరగాయ వేయాలంటే భయం, మక్కచేను దగ్గర కర్ర పట్టుకుని కూర్చోవాల్సిందే. ఊళ్ళో, రోడ్డు పక్కన దొరికే అలవాటైన తిండి ఒక కారణం. అడవిలో పండు కరువవడం మరో కారణం. కోతికి కావలసింది పచ్చదనం కాదు, నెల తర్వాత నెల దొరికే పండు. తునికి పండు, మొర్రి పండు ఎండాకాలంలో, నేరేడు తొలకరికి, ఉసిరి, రేగు చలికాలంలో. ఈ వరసలో సందు పడినప్పుడు ఆదుకునేవి మర్రి, మేడి, జువ్వి. ఈ జాతి చెట్లన్నీ ఒకేసారి కాయవు, ఒకటి అయిపోయాక ఇంకొకటి కాస్తుంది. మేడిపండు అంటే లోపలి పురుగులే మనకు గుర్తొస్తాయి. ఆ పురుగుల్లో చాలావరకు ఆ పండుకు పుప్పొడి మోసే చిన్న కందిరీగలే. ఒక్కో జాతి మేడికి దాని సొంత కందిరీగ ఉంటుంది. ఆ కందిరీగ బతకాలంటే చుట్టుపక్కల ఏదో ఒక చెట్టు ఎప్పుడూ కాపులో ఉండాలి, అంటే అలాంటి చెట్లు చాలినన్ని ఉండాలి. డివైడర్ మీద కోనోకార్పస్ నాటితే ఆ గొలుసు రాదు. ఆ మొక్కను తర్వాత ప్రభుత్వమే వద్దంది.

వరంగల్ నగరానికి చేరువలో ధర్మసాగర్ వైపు దేవునూరు ఇనుపరాతి గుట్టలు ఉన్నాయి. పెద్ద మానులు తక్కువ, బండలు, పొదలు, మధ్యమధ్య వాగులు. పటంలో చూసినవాళ్ళకు అది పనికిరాని గుట్టలా అనిపిస్తుంది. నెమలి, కుందేలు, ఉడుము, రకరకాల సీతాకోకలు ఉండేది అలాంటి చోటే. చిక్కటి చీకటి అడవి ఒక్కటే అడవి అనుకోవడం వల్ల మన ప్రాంతపు పొద అడవులు, గడ్డి జాగాలు గుట్టుచప్పుడు కాకుండా చేజారిపోతున్నాయి. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ కోసం గుట్టలు కరిగేకొద్దీ గుడ్డెలుగులు ఊళ్ళలోకి రావడం ఈ నష్టంలో భాగమే. బండ సందులే వాటి ఇళ్ళు.

అడవిలో ఉండే మనుషుల సంగతి వదిలేసి ఇదంతా చెప్పడం కుదరదు. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు సీజన్. తెల్లవారుజామున అడవికి పోయి ఆకు కోసి, ఎండ ముదిరేలోపు ఇంటికి తెచ్చి, 50 ఆకులు ఒక కట్ట చొప్పున కట్టి సాయంత్రానికి కల్లానికి చేరుస్తారు. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు, అంటే 50 వేల ఆకులు. సిరిసిల్ల, నిజామాబాద్, జగిత్యాల ఇళ్ళలో ఆడవాళ్ళు చుట్టే బీడీకి ఆకు ఇలాగే వస్తుంది. వ్యవసాయ పని లేని నెలల్లో చేతికి వచ్చే డబ్బు ఇది. పిల్లల ఫీజులు, వానాకాలం విత్తనాలు దీంతోనే. బతికి ఉన్న అడవి నుంచే వీళ్ళకు బతుకు. కాబట్టి అడవి కావాలన్న ఆరాటం వాళ్ళకే ఎక్కువ.

అదే ఋతువులో నిప్పు కూడా వస్తుంది. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు కాలుస్తారు, తునికి లేత చిగురు వేయాలని కొందరు నిప్పు పెడతారు, దారిన పోయేవాళ్ళు బీడీ ముక్క పారేస్తారు. గాలికి అది గుట్టంతా పాకుతుంది. పెద్ద మానులు ఈ నేలమంటకు తట్టుకుంటాయి. మొలకలు, నేల మీద గూళ్ళు, తాబేళ్ళు, ఆకు పొర మిగలవు. ఏటేటా కాలితే కొత్త తరం చెట్లు పైకి రావు. చూడటానికి అడవి నిలబడే ఉంటుంది, పిల్లలు లేని ఊరులా ఉంటుంది. అటవీ శాఖ చలికాలం చివర్లో ఫైర్ లైన్లు గీస్తుంది, అంటే మంట దాటకుండా ఆకు, గడ్డి తీసేసిన పట్టీలు, ఉపగ్రహం మంటను చూసి ఫోన్‌కు మెసేజ్ పంపే ఏర్పాటు ఉంది. అయినా మెసేజ్ అందుకుని గుట్ట ఎక్కి కొమ్మతో మంట ఆర్పాల్సింది మనిషే. ఆ మనిషి ఊరివాడైతే పని అవుతుంది. ఇప్పచెట్టు కింద పాత చీరో వలో పరిస్తే ఆకు కాల్చే పనే ఉండదు. పువ్వుకు మట్టి అంటదు, ధర కూడా బాగా వస్తుంది. దీన్ని ఊరూరా అలవాటు చేయడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ.

పోడు గురించి రెండు వైపులా సగం సగం మాటలే వినబడతాయి. పాత పోడులో కొంత జాగా కొట్టి, రెండు మూడేళ్ళు జొన్నో సామో వేసుకుని, వదిలేసి ఇంకో చోటికి పోయేవాళ్ళు. వదిలిన చోట మొద్దులు చిగిర్చి అడవి తిరిగొచ్చేది. ఇప్పుడు అదే జాగాలో ఏటా పత్తి. మొద్దులు పీకేశారు, మందులు కొడుతున్నారు. పోడు అన్న పేరు మిగిలింది, పద్ధతి పోయింది. దీనికి గిరిజనుణ్ణి ఒక్కణ్ణే తప్పుపట్టడం అన్యాయం. తరాలుగా అక్కడున్నా కాగితం లేకపోవడం, జాగా వదిలితే ఇంకొకరు లాక్కుంటారన్న భయం వల్ల ఒకేచోట పాతుకుపోవాల్సి వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి దాదాపు లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాల పైచిలుకు పట్టాలు ఇచ్చారు. పట్టా వచ్చినవాళ్ళకు ఇప్పుడు కావలసింది గట్టు మీద ఇప్ప, మొర్రి, తునికి నిలుపుకుంటే లాభం ఉండేలా ధర, కొనుగోలు.

ఉత్తరాన ఆసిఫాబాద్, కాగజ్‌నగర్ వైపు ఈ చిక్కు ఇంకా బిగిసింది. కాగజ్, అంటే కాగితం, పేరుతో ఊరు వెలిసిన చోట ఈ రోజు పులి తిరుగుతోంది. కవ్వాల్ 2012లో పులుల అభయారణ్యం అయింది, కోర్ ప్రాంతం 893 చదరపు కిలోమీటర్లు. మహారాష్ట్ర తడోబా నుంచి పులులు ప్రాణహిత దాటి కాగజ్‌నగర్ అడవుల దాకా వచ్చి ఆగుతున్నాయి. ఫల్గుణ అని పేరుపెట్టిన ఆడపులి అలా వచ్చి ఇక్కడే పిల్లల్ని పెట్టింది. కవ్వాల్ లోపలికి మాత్రం నిలకడగా చేరడం లేదు. నడుమ రోడ్లు, రైలు దారి, గనులు, పత్తిచేలు. వయసుకొచ్చిన పులి పిల్ల తల్లిని వదిలి సొంత జాగా వెతుక్కోవాలి, దానికి దారి కావాలి. ఆ దారి కోసమే 2025 మే 30న ప్రభుత్వం 1,492 చదరపు కిలోమీటర్లను కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వ్‌గా ప్రకటించింది. ఊళ్ళను అడక్కుండా చేశారని ఆదివాసీలు ఆందోళనకు దిగారు. జూలైలో ఆ జీవోను నిలిపేశారు. జల్, జంగల్, జమీన్ అంటూ 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన మనిషి పేరు పెట్టి, ఆ మనుషుల్నే సంప్రదించకపోతే జరిగేది ఇదే. పులికి దారి కావాలన్నది నిజం. ఆ దారిలో ఉన్న గూడెం ఒప్పుకోకపోతే ఏ గీతా నేల మీద నిలవదన్నదీ అంతే నిజం. గ్రామసభతో మొదలుపెట్టి ఉంటే ఈపాటికి కొంత దూరమైనా వచ్చేది.

మళ్ళీ తాడ్వాయికి వద్దాం. కూలిన 50 వేల మానుల్ని ఏం చేయాలన్న చర్చ వచ్చినప్పుడు కలప కుళ్ళిపోతోందని చాలామందికి బాధ కలిగింది. అయితే అభయారణ్యాల్లోంచి ఎండిన, గాలికి పడిన చెట్లను కూడా తీయకూడదని సుప్రీంకోర్టు 2000 ఫిబ్రవరి 14న ఇచ్చిన ఉత్తర్వు ఉంది. ఆ ఉత్తర్వు వల్ల అక్కడ సాగేది పైన చెప్పిన చెద, తొర్ర, పుట్టగొడుగు కథే. పడిన మాను కుళ్ళుతూ ఉంటే దానిలో పెంకుపురుగుల పిల్లలు, శిలీంధ్రాలు, చెద చేరతాయి. ఎలుగు వచ్చి దాన్ని చీలుస్తుంది. దాని నీడలో మట్టి తడి ఆరదు, మేకలూ ఆవులూ మేయలేని ఆ మాటులో మొలక తలెత్తుతుంది. పైకప్పు తొలగి వెలుతురు నేలకు దిగింది కాబట్టి ఏళ్ళుగా నీడలో ఎదుగూబొదుగూ లేకుండా ఉన్న మొక్కలు ఇప్పుడు ఎదుగుతాయి. మద్ది, టేకు, తునికి వేరుకు ప్రాణముంటే మొద్దు నుంచే చిగురు పెడతాయి. మనం నాటే మొక్కకు ఏడాది వేరు ఉంటే వాటికి దశాబ్దాల వేరు ఉంటుంది. అందుకని గుంతలు తీసే తొందర అక్కడ అక్కర్లేదు.

అక్కర ఉన్నది కాపలాకు. రెండు వందల హెక్టార్లలో ఎండిన కొమ్మ, ఎండిన మాను అడ్డదిడ్డంగా పడి ఉంది. మామూలు నేలమంట ఆకుతో ఆగుతుంది, ఇక్కడ అంటుకుంటే రోజుల తరబడి రగిలి వేళ్ళదాకా కాల్చుతుంది. వెలుతురు దొరికిన చోటికి ముందు పరిగెత్తుకొచ్చేది తలంబ్రాల చెట్టని పిలిచే లాంటానా. అది కమ్ముకుంటే గడ్డి రాదు, దుప్పి రాదు. మొదటి నాలుగైదు ఎండాకాలాలు ఈ జాగా చుట్టూ ఫైర్ లైన్ వెడల్పుగా ఉండాలి, లాంటానాను పూత రాకముందే పీకాలి, పశువులు కొంతకాలం అటు వెళ్ళకూడదు. మేడారం జాతర రెండేళ్ళకోసారి వస్తుంది, కోటి మందికి పైగా తల్లుల దర్శనానికి ఈ అడవిలోంచే వస్తారు, వంటపొయ్యిలు వెలుగుతాయి. జాతర జరిగేది మాఘమాసంలో, సరిగ్గా ఆకు రాలే కాలంలో. ఆ నాలుగు రోజులకు తాగునీళ్ళు, బస్సులు, బందోబస్తు ఎలా లెక్కేస్తారో, పడిన అడవి అంచున రాత్రింబగళ్ళు తిరిగే ఊరి కావలిదారుల్ని కూడా అలాగే లెక్కేసి, తాడ్వాయి, మేడారం గూడేల నుంచే తీసుకోవాలి. ఏ వాగు పక్కన నిప్పు ఎటు తిరుగుతుందో వాళ్ళకు తెలుసు.